సబ్బుపెట్టెలో పట్టిన కెమెరా

ఉద్యోగం కొత్తగా వచ్చిన రోజుల్లో మనిషికి రెండు భ్రమలుంటాయి: జీతం చాలా ఉందని, తెలివి అంతకన్నా ఎక్కువుందని. నందిగామలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేరిన ఏడాది నాకు ఈ రెండూ పుష్కలంగా ఉండేవి. ఆ తెలివితోనే కెమెరా కొనాలనుకున్నాను. చిల్లకల్లులో మా అమ్మమ్మ నవ్విందంటే ఇల్లంతా నవ్వేది, కానీ ఆ నవ్వు ఒక్క ఫొటోలోనూ లేదు. ఫోను పైకెత్తితే చాలు, పైట సర్దుకుని, పెదాలు బిగించి, రేషన్ కార్డు ఫొటోకి వచ్చినట్టు నిలబడిపోయేది. (ఆవిడ ఫొటోలన్నీ వరసగా పెడితే చీరలు మాత్రమే మారతాయి.) ఆవిడ కంట పడనంత చిన్న కెమెరా ఉంటే ఆ నవ్వు పట్టెయ్యొచ్చని నా ఆలోచన.

నెల రోజులు కెమెరాల వీడియోలే వీడియోలు. బస్సులో, స్టాఫ్ రూములో, ఆఖరికి చర్చిలో ప్రసంగం సాగుతుండగా కూడా (దేవుడు క్షమించాలి). అరచేతిలో పట్టే కెమెరాకి లెన్సు ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చంటే నాకు ఒకటే ఆశ్చర్యం. ఊడదీస్తే దుమ్ము పడదా? వెలుతురు లోపల ఎక్కడ ఆగుతుంది? అంత చిన్న డబ్బాలో ఇవన్నీ ఎలా ఇరికించారు? విజయవాడలో సెకండ్ హ్యాండ్ షాపుకి సబ్బుపెట్టె పట్టుకెళ్లి, అందులో పట్టే బాడీ (లెన్సు లేని ఒట్టి కెమెరా) ఏదో కొలిచి మరీ కొన్నాను. దాని లెన్సుకి డబ్బు చాలలేదు. సరేనని జగ్గయ్యపేటలో స్టూడియో మూసేసిన బాబాయ్ దగ్గర పాత లెన్సు ఒకటి చవగ్గా తీసుకున్నాను. "ఏ కెమెరాకిరా?" అని అడిగాడాయన. "లెన్సులు మార్చుకునే కెమెరాకే బాబాయ్" అన్నాను గొప్పగా. లెన్సులు మారతాయంటే ఏదైనా దేనికైనా పడుతుందని నా నమ్మకం. (నేను చెప్పేది ఫిజిక్స్ అని ఇక్కడ ఒప్పుకోక తప్పదు.)

ఆదివారం ఆరాధన అయ్యాక రహస్యంగా మొదలుపెడదామనుకుంటే, అమ్మమ్మ సబ్బుపెట్టె చూడనే చూసింది. మా ఇంట్లో మిక్సీ వచ్చినా, మోటారు సైకిలొచ్చినా ప్రార్థన చెయ్యకుండా వాడరు. కెమెరా మీద చెయ్యి పెట్టి అందుకుంది: "తండ్రీ, ఈ బుల్లి కెమెరాని, మా పిల్లోడి చేతుల్ని దీవించు..." ఆ ప్రార్థన మా కాలేజీ మీదుగా నా పెళ్లి దాకా వెళ్లొచ్చింది. ఆమెన్ అన్నాక ఆవిడ కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. నేను లెన్సు పెట్టి తిప్పాను. పట్టలేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఒక జాడీ మూత ఇంకో జాడీకి బిగిస్తున్నట్టుంది.

"ఏరా, పట్టట్లేదా?"

"ఇది దీనిది కాదనుకుంటా అమ్మమ్మా."

"మరి దీనిదేదీ?"

"కొనలా."

"ఓరి నీ దుంపతెగ! ముందే చెప్తే ప్రార్థనలో లెన్సు కూడా అడిగేదాన్ని గదరా!"

ఇక నవ్వు. పైట సర్దుకోవడం మర్చిపోయి, కళ్లవెంట నీళ్లు కారేలా, కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. నా ఒక చేతిలో బాడీ, ఇంకో చేతిలో లెన్సు, ఫోను జేబులో.

తర్వాత సరైన లెన్సు కొన్నాను. అమ్మమ్మ మళ్లీ బిగుసుకుంది. ఆ ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి, చీర అంచు పోగులు లెక్కపెట్టొచ్చు. ఇప్పుడావిడ లేదు. బాబాయ్ లెన్సు మాత్రం దేనికీ పట్టకుండా బీరువాలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా అప్పటి నేను, ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఫొటో పోయిందని పాపం వారం రోజులు సరిగా తిండి తినలేదు. ఆ నవ్వుకీ తన కళ్లకీ మధ్య ఆ రోజు ఏ కెమెరా అడ్డం లేదని వాడికప్పుడు తట్టలేదు.