నైరుతి మూల తలుపు

అప్పటికి నాకు రాయడం వచ్చి ఉంటే, చెప్పవలసినదేదో కాగితం మీద రాసి ఇచ్చి ఇంటికి వచ్చేదాన్ని. నిండు హాలులో మైకు పట్టుకోవలసిన పని పడేది కాదు.

చిన్నప్పుడు పలక పట్టుకోవలసిన చేతిలో మా తమ్ముడు ఉండేవాడు. వాడు నడక నేర్చేసరికి చెల్లె పుట్టింది. చెల్లె చంక దిగేసరికి నా చేతికి కొడవలి వచ్చింది. పెళ్లయి ఈ పట్నానికి వచ్చాక చదువుకోవద్దని ఎవరూ అనలేదు, చదువుకొమ్మనీ అనలేదు. యాభై దాటాక ఇంటికి వచ్చిన కోడలు పట్టు పట్టింది. ఆమె పుట్టినూరు గార్ల. ఇంటర్ దాకా చదివిన పిల్ల. "అత్తమ్మా, పొద్దుందాక చీరలు మడతపెడతవు. యాభై ఆరక్షరాలు నీకొక లెక్కనా?" అని నవ్వుతూ, తిడుతూ నేర్పింది. నేను చెప్పబోయే సంగతి జరిగిన నాటికి నాకు పేరు రాయడం, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం వరకే వచ్చు. ఇప్పుడు రాయగలను. ఆనాటి మీటింగు రికార్డులో "ఒక మహిళ కూడా మాట్లాడినారు" అని మాత్రమే ఉందట. ఆ మాట్లాడినదాన్ని నేను.

కోడలూ నేనూ ఒకే బట్టల దుకాణంలో పనిచేసేవాళ్లం. మెయిన్ బజారులో మూడంతస్తుల దుకాణం అది. కొడకండ్ల దిక్కు నుంచి పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు ముందు మా మెట్లే ఎక్కుతారు. నేను రెండో అంతస్తులో, గిరాకి వాళ్లు విప్పి పారేసిన చీరలు మడతపెట్టేదాన్ని. కోడలు మూడో అంతస్తులో మిషన్ మీద ఫాల్ కుట్టేది. నా కొడుకు భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతూ వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు.

దుకాణానికి ముందు మెట్లు కాక, వెనక మూలన ఇంకో మెట్ల దారి ఉంది. దుకాణం కట్టినప్పటి నుంచీ ఉంది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు కడుక్కోవడానికి ఆ మెట్లు దిగి, కింద తలుపు తీసుకుని, వెనక గల్లీలోని నల్లా దగ్గరికి పోయేవాళ్లం. ఒక ఏడు గిరాకి బాగా పడిపోయింది. మా సేటు, అంటే దుకాణం యజమాని, పక్క చెప్పుల దుకాణానికి వాస్తు చూసిన పంతులునే పిలిపించాడు. నైరుతి మూల తలుపు ఉండరాదని పంతులు చెప్పాడు. నాలుగు రోజుల్లో తలుపు ఊడబీకి ఇటుకలతో గోడ కట్టించారు. పైన మెట్ల మీద ఖాళీ అట్టపెట్టెలు పేర్చారు. మరుసటి సీజనుకు గిరాకి మళ్లీ వచ్చింది. సేటుకు పంతులు మీద నమ్మకం గట్టిపడింది. ఆయనను నేను తప్పు పట్టలేదు. మా ఇంట్లో పొయ్యి ఏ మూలన ఉండాలో నేనూ అడిగి పెట్టించినదాన్నే.

శ్రావణం పెళ్లిళ్ల ముందు ఒక మధ్యాహ్నం ముందు మెట్ల కింద కరెంటు బోర్డు పేలింది. వైర్లు మాడిన వాసన, వెనకే నల్లటి పొగ. మెట్ల దారి పొయ్యి గొట్టంలా ఆ పొగను పైకి లాగింది. మూడో అంతస్తు జనమంతా అవే మెట్ల మీద కిందికి ఉరికారు. మా కోడలు అందరికంటే చివరన నా అంతస్తు దాకా దిగింది. అప్పుడు ఆమెకు ఐదో నెల. ఒక చేత్తో కొంగు మూతికి పెట్టుకుని, ఇంకో చేయి కడుపుకు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుంది. ఆ తోపులాటలోకి ఆమెను ఎట్లా పంపను? చేయి పట్టుకుని వెనక్కి లాగాను. అట్టపెట్టెలు కాళ్లతో తన్నుకుంటూ వెనక మెట్లు దిగాం.

గోడ కట్టారని నాకు తెలుసు. తెలిసిన సంగతి ఆ పొగలో యాదికి రాలేదు. కాళ్లు పాత తొవ్వ పట్టాయి.

కింద మెట్టు మీద నిలబడి ఇటుకల మీద చేతులు పెట్టాను. అవతల గల్లీలో నల్లా కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. మా వెనక పొగ దిగుతోంది. కోడలు నా భుజం గట్టిగా పట్టుకుంది, అంతే. ఇంతలో ఎవరో మెయిన్ స్విచ్చి ఆపారు. ఇసుక చల్లారు. పొగ మెల్లగా పల్చబడింది. ఎవరికీ ఏమీ కాలేదు. దవాఖానలో చూపిస్తే కడుపులో బిడ్డ బాగానే ఉందన్నారు.

సేటు కూడా భయపడ్డాడు. వైర్లన్నీ మార్పించాడు, అంతస్తుకొక ఎర్ర సిలిండరు కొని తగిలించాడు. గోడ మాత్రం ముట్టుకోలేదు.

"ఆ గోడ తీపియ్యి సేటూ" అన్నాను.

"ఇంకేమన్న అడుగు అక్కా. అది నైరుతి. మూసినంకనే దుకాణం నిలవడ్డది. మల్ల తెరిచి ఆగమైతే, నీతోని పాటు ఇంతమంది యాడికి పోతరు?"

కోడలు పని మానేస్తానంది. మళ్లీ తనే, ఇంకో రెండు నెలలు చేస్తే కాన్పు ఖర్చుకు ఎవరి దగ్గరా చేయి చాపనక్కర లేదంది. రోజూ ఆమె మూడో అంతస్తు ఎక్కుతుంటే కింద నాకు చీర మడతలు కుదిరేవి కావు. ఏ గిరాకిదారు గట్టిగా దగ్గినా మెట్ల వైపు చూసేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున చెత్తబండి మైకులో పాట మధ్యలో ఆగి చాటింపు వచ్చింది. బజారులో ఏ ఇళ్లను దుకాణాలుగా మార్చుకోవచ్చు, వెనక గల్లీల్లో ఎన్ని అంతస్తులు కట్టుకోవచ్చు, దుకాణాలకు ఎన్ని మెట్ల దారులు ఉండాలి, ఇవన్నీ మున్సిపాలిటీ కొత్తగా తీర్మానం చేయబోతోందట. ప్రజలు వచ్చి అభిప్రాయం చెప్పవచ్చట. నేను చెత్తబుట్ట చేతిలో పట్టుకునే మొత్తం విన్నాను.

సేటును సెలవు అడిగాను. "నేను గూడ ఆడికే వస్తున్న" అన్నాడు ఆయన. ఒకే ఆటోలో పోలేదు గాని ఇద్దరం ఒకే సమయానికి చేరాం.

హాలు గుమ్మం దగ్గర గుమాస్తా ఆపాడు.

"రాసి తెచ్చినవా అవ్వా?"

"రాయరాదు బిడ్డా."

"రాయరానోళ్లు నోటితోని చెప్పాలె. మైకుల. చెప్తవా మరి?"

వెనక్కి పోవడానికి అదే మంచి సందు. గుమాస్తా కూడా నేను పోతాననే అనుకున్నాడు. "చెప్త" అన్నాను.

ముందు గల్లీల గురించి చాలాసేపు నడిచింది. వెనక గల్లీల్లో రెండంతస్తులు దాటకూడదని, అవి ఇళ్లుగానే ఉండాలని తేల్చారు. తర్వాత మెట్ల మాట వచ్చింది. రెండంతస్తులు దాటిన ప్రతి దుకాణానికీ రెండో మెట్ల దారి, దానికి బయటికి తెరుచుకునే తలుపు ఉండాలని రాసుకొచ్చారు. వ్యాపారుల కాగితం గుమాస్తా చదివాడు. జాగా సరిపోదని, ఖర్చు అవుతుందని ఉంది అందులో. అసలు మాట మా పక్క చెప్పుల దుకాణం ఆయన లేచి చెప్పాడు.

"అమ్మా, మా వరుస దుకాణాలకు వెనక దిక్కు నైరుతి. ఆడ తలుపు పెడితే ఆగమైతం. మీకు తెల్వనిది కాదు."

చైర్‌పర్సన్ అమ్మ తల వంచి గాజులు సర్దుకుంది. పోయిన ఏడే ఆమె తన ఇంటి గేటు ఇటు నుంచి అటు మార్పించిందని ఊరందరికీ తెలుసు. కౌన్సిలర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కమిషనర్ సారు చిన్న వయసువాడు. "మంటకు దిక్కులుండవు" అన్నాడు. మంచి మాటే. అందరూ తల ఊపారు, ఎవరూ కదలలేదు.

అప్పుడు నన్ను పిలిచారు. మైకు కీచుమంది. వెనక నుంచి ఎవరో, "చీరలు మడతపెట్టేటామెకు బిల్డింగు రూల్స్ ఎందుకోయ్" అన్నారు.

"మడతపెట్టుకుంట మీద ఉండేది మేం గద నాయినా. గల్లా కాడ, వాకిలి పక్కన కూసునేది మీరు" అన్నాను.

ఆడవాళ్లు నవ్వారు.  పొగ సంగతి చెప్పాను. కడుపుతో ఉన్న కోడల్ని పట్టుకుని గోడ దగ్గరికి తీసుకుపోయిన సంగతి చెప్పాను. చెబుతుంటే మళ్లీ ఆ ఇటుకలు చేతికి తగిలాయి. ఇక్కడి దాకా ఇంటి దగ్గర అనుకుని వచ్చినదే. తర్వాతిది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు.

"ఒక్క మాట అడుగుత. మేమిద్దరం ఆడనే సచ్చిపోయి, అది పంచకం అనుకోండ్రి. ఏం జేసెటోళ్లు? పంచకంల పోయిన పీనుగను ముందు వాకిట్ల నుంచి తియ్యరు గద. ఎనక గోడ పలగ్గొట్టి తీస్తరు. అది నైరుతా, ఈశాన్యమా అని ఎవ్వరూ అడగరు. ఏ పంతులూ వద్దనడు. పీనుగకు ఇచ్చే తొవ్వ పానమున్న మనిషికి ఇయ్యరాదా? ఎట్లనో పలగ్గొట్టే గోడనే. మేం బతికుండంగ పలగ్గొట్టుండ్రి."

మా వైపు ధనిష్ఠ పంచకంలో, అంటే కొన్ని చెడ్డ నక్షత్రాలలో చావు వస్తే అట్లాగే చేస్తారు. హాలులో చాలామంది ఇళ్లలో అది జరిగే ఉంటుంది.  తప్పు మాట అన్నానేమోనని మైకు కింద పెట్టేశాను. చావు మాట తెచ్చినందుకు సేటు నన్ను పనిలో నుంచి తీసేస్తాడనుకున్నాను.

సేటే లేచాడు. మైకు దగ్గరికి రాలేదు, ఉన్నచోటనే నిలబడి మాట్లాడాడు.

"మా అమ్మ పంచకంలనే పోయింది. గోడ నేనే పలగ్గొట్టిన. అదీ నైరుతి గోడనే." కొంచెం ఆగాడు. "ఆ మరుసటి ఏడే ఈ దుకాణం పెట్టిన. అప్పుడు ఒక్కటే గది. నైరుతి తలుపు ఉండంగనే మూడంతస్తులైంది." ఆ మాట తనకే కొత్తగా వినపడినట్టు చుట్టూ చూశాడు.

"మరి దేనికి మూసినవయ్యా?" అని చెప్పుల దుకాణం ఆయన అరిచాడు.

"నువ్వు మూసినవని మూసిన!"

ఇక హాలు హాలంతా నవ్వింది. చెప్పుల దుకాణం ఆయన కూడా నవ్వాడు. ఆ తర్వాత బేరం మొదలైంది. తలుపు ఎప్పుడూ మూసే ఉంటుందని వ్యాపారులు, ఉండనీయండి గాని తాళం వేయకూడదు, లోపలి నుంచి చిన్నపిల్లకు కూడా తీయడానికి రావాలి అని కమిషనర్ సారు. మెట్ల మీద సరుకు పెట్టకూడదని ఒక ఆడ కౌన్సిలరు గట్టిగా పట్టింది. చివరికి చైర్‌పర్సన్ అమ్మ చేతులెత్తమంది. ముందు ఆడవాళ్ల చేతులు లేచాయి. వాళ్లను చూసి మగవాళ్లవి. లేవని చేయి నాకు కనిపించలేదు.

"తలుపుకు గుమ్మడికాయ కట్టుకుంటరో, నిమ్మకాయలు కట్టుకుంటరో మీ ఇష్టం. మున్సిపాలిటీకి అభ్యంతరం లేదు" అంది చైర్‌పర్సన్ అమ్మ. గుమాస్తా రాసుకోబోయాడు. "అది రాయకు" అన్నాడు కమిషనర్ సారు.

బయటికి వస్తుంటే ఎవరెవరో ఆడవాళ్లు నా చేతులు పట్టుకున్నారు. సేటు చెప్పులు తొడుక్కుంటూ, "రేపు పొద్దుగాల జల్ది రా అక్కా. అట్టపెట్టెలు తియ్యాలె" అన్నాడు. ఇంటి దాకా నడిచే వచ్చాను. ఆటో ఎక్కాలనిపించలేదు. ఎవరైనా అడిగితే చెప్పాలని బజారులో మెల్లగా నడిచాను. ముగ్గురు అడిగారు, ముగ్గురికీ మొదటి నుంచీ చెప్పాను.

కోడలు మాత్రం కోపంగా కూర్చుంది. నా కంటే ముందే వార్త ఇల్లు చేరింది.

"నా కడుపు సంగతి మైకుల ఊరందరికి చెప్పినవట గద అత్తమ్మా!"

"ఊరందరికి కాదు బిడ్డా, హాలుల పట్టినోళ్లకే."

నవ్వు ఆపుకోలేక మొహం అటు తిప్పుకుంది. భూపాలపల్లి నుంచి కొడుకు ఫోను చేశాడు. "ఏందమ్మా, వచ్చే ఎలక్షన్ల కౌన్సిలరుకు నిలవడుతున్నవట?" అన్నాడు. "నిలవడితే నీ లారీకి గూడ రెండో తలుపు పెట్టిస్త" అన్నాను.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి మేస్త్రీ సమ్మెట పట్టుకుని కూర్చుని ఉన్నాడు. సేటు గడియారం చూసుకుంటున్నాడు. రాహుకాలం పోయేదాకా ఆగాలట. ఆ లోపల మేం ఆడవాళ్లం మెట్ల మీది అట్టపెట్టెలన్నీ చేతులు మార్చుకుంటూ ముందు మెట్ల మీదుగా కిందికి దించాం. వేళ అయింది. సమ్మెట పడింది. మొదటి ఇటుక ఊడగానే గల్లీ వెలుతురు మెట్ల మీద పడింది. నల్లా దగ్గర బిందె పెట్టిన ఒకామె లోపలికి తొంగి చూసి, "ఏం దింపుతున్రు?" అని అడిగింది. "మనుషులను" అన్నాను.

ఇటుకల పెళ్లలు ఎత్తి, మెట్లు మీది నుంచి కింది దాకా ఊడ్చాను. కోడలు మూడో అంతస్తు నుంచి రేలింగు పట్టుకుని ఒక్కొక్క మెట్టే దిగి వచ్చింది. ఇద్దరం గడప దాటి గల్లీలో నిలబడ్డాం. నల్లా దగ్గర కాళ్లు కడుక్కుని మళ్లీ లోపలికి అడుగు వేయబోయాను.

"అక్కా, అక్కా, అటు రాకు!" సేటు లోపలి నుంచి చేతులు అడ్డం పెట్టాడు. "అది బయటికి పోనీకే. లోపలికి రానీకి కాదు."

సరేనన్నాను. కోడలి చేయి పట్టుకుని, గల్లీ దాటి, బజారంతా చుట్టి వచ్చి, ముందు మెట్లెక్కి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టాను.