మూడు రకాలుగా చూపిన కాటా

వీధిలో అందరూ ఆయన్ని కాటాలాయన అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా కొట్లవాళ్ల తూకపు కాటాలు బాగుచేయడమే పని. ఎవరూ నేర్పలేదు. విప్పి, బిగించి, రెండు మూడు చెడగొట్టి నేర్చుకున్నాడు. సరిచూసే తూకపురాళ్లను గుడ్డతో తప్ప ముట్టడు. "చెమట కూడా బరువేనండీ" అంటాడు.

భార్య పోయి ఏడాది దాటింది. రెండు నెలలుగా బల్ల మీద కాటాలు పేరుకుపోతున్నాయి. స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంటాడు, చేయి కదలదు. వండింది గిన్నెలోనే ఉండిపోతోంది. వచ్చినవాళ్లతో "రేపు రండి" అంటాడు. కొన్ని రోజులు ఆయన నోట వచ్చే మాటలు ఆ రెండే.

వేరే ఊళ్లో ఉన్న అక్క ఫోనుకి ఒక పరీక్ష పంపింది. తొమ్మిది ప్రశ్నలకి జవాబిస్తే మనసు ఎలా ఉందో అంకె చూపిస్తుందట. పొద్దున చేస్తే ఇరవై ఒకటి, "తీవ్రం" అంది. ఒక్క తూకాన్ని నమ్మడం ఆయన పద్ధతి కాదు. మధ్యాహ్నం మళ్లీ చేస్తే పన్నెండు. సాయంత్రం కూరగాయలామె తన కాటా కోసం వచ్చి, మనవరాలి అల్లరి చెప్పి నవ్వించి పోయింది. ఆ వెంటనే చేస్తే ఆరు.

అక్కకి ఫోను చేశాడు.

"నీ పరీక్ష దొంగ కాటా అక్కా. ఒకే సరుకుని మూడు రకాలుగా చూపిస్తోంది. నాకేం లేదు."

"ఏం లేనోడివి ఆ పనంతా ఎందుకు పోగేశావురా?"

ఆయన బల్ల మీది కాటాల వంక చూశాడు.

"సరే, నీ కొట్లో కాటా అలా చూపిస్తే ఏం చేస్తావు?"

"విప్పి చూస్తా."

"అదంతటదే విప్పుకోదా?"

"కాటా దాన్నదే ఎలా విప్పుకుంటుందే..." అంటూ ఆగిపోయాడు.

"మరి నడు, తెలిసినవాళ్ల దగ్గరికి. నాక్కూడా రేపు రండి అన్నావంటే ఊరుకోను."

మానసిక వైద్యురాలి గదిలో, మూడు అంకెలు రాసిన కాగితం బల్ల మీద పెట్టాడు.

"జవాబులు ఎలా ఇచ్చారు?" అంది డాక్టరు.

"అప్పుడెలా ఉంటే అలా. పళ్లెంలో ఉన్నదే కదండీ తూచేది."

"అది అడిగింది గడిచిన రెండు వారాల సంగతండీ. మీరు ఆ గంట సంగతి చెప్పారు."

ప్రశ్న సరిగ్గా చదవనందుకు ఆయనకి సిగ్గేసింది. ముల్లు సున్నా మీదుందో లేదో చూడకుండా తూచే మనిషి కాదు తను.

"సరిగ్గా చేసినా అది డాక్టరుకి చూపించుకోమంటుందంతే. ఏమైందో చెప్పదు. ఆరే వచ్చినా, చేయి కదలట్లేదంటే రావాల్సిందే," అని కాగితం పక్కన పెట్టిందామె. "ఎప్పట్నించి ఇలా?"

ఆ ప్రశ్న ఫోనులో లేదు.

"మా ఆవిడా నేనూ కొట్టు ముందు సాయంత్రాలు రెండు కుర్చీలు వేసుకునేవాళ్లమండీ," అన్నాడు. "తను పోయాక కూడా వేస్తూనే ఉన్నా. రెండు నెలల కింద రెండోది మడిచి లోపల పెట్టిన రోజు నించి..." అంటూ గోడ గడియారం వంక చూశాడు. "టైమైపోతే చెప్పండి."

"మీరు చెప్పండి," అందామె.