బ్యాటరీ తీసిన మధ్యాహ్నం

మొన్న కడపలో మా అబ్బాయి కంప్యూటర్ స్పీడు పెంచబోయి దాన్ని అసలు ఆన్ కాకుండా చేసుకున్నాడు. మెకానిక్ వచ్చి డబ్బా పక్కరేకు ఊడదీయగానే వేడికి మాడిన దుమ్ము వాసన గుప్పుమంది. ఆ వాసన నన్ను ప్రొద్దుటూరులో మా ఇంటి ముందుగదిలోకి తీసుకుపోయింది.

ఆ గదిలో మా చిన్నాన్న యేసురత్నం డీటీపీ సెంటర్ నడిపేవాడు. మా నాన్న మిషన్ బడిలో టీచరు. ఎండాకాలం కిటికీకి తడిపిన గోనెపట్టా కట్టి, నాపబండల మీద నీళ్లు చల్లితే, ఆ చల్లదనంలో నేను అచ్చనగాయలు ఆడుకుంటూ ఉండేదాన్ని. పొద్దున్నే వీధి చివర నుంచి ఎర్రకారం పూసిన దోసెల వాసన, రంజాన్ రోజు పక్కింటి మాబున్నమ్మ పంపే సేమ్యా, క్రిస్మస్ దగ్గర పడితే నాయనమ్మ పాకం పట్టే అత్తిరాసాల తీపి, ఇవన్నీ ఆ ఇంట్లోవే. వాటితో పాటే దూరంగా దబ్బుమని శబ్దం వస్తే అది టపాకాయో నాటుబాంబో తేల్చుకోవడానికి పెద్దవాళ్లు మాటలాపి చెవులు రిక్కించడం కూడా ఆ ఇంట్లోదే.

చిన్నాన్న దగ్గరికి పెళ్లి శుభలేఖలూ, ఎన్నికలొస్తే కరపత్రాలూ వచ్చేవి. చాపాడు వైపు నుంచి ఓబులేసు అనే ట్రాక్టర్ డ్రైవర్ తన కూతురి ఓణీల ఫంక్షన్‌కు కార్డులు వేయించుకుని, తీసుకుపోవడానికి వచ్చిన రోజు నా ఒడి నిండా పచ్చి చెనక్కాయలు పోసి వెళ్లాడు. కూతురి పేరు పెద్ద అక్షరాల్లో పడిందని ఆ కార్డును మళ్లీ మళ్లీ తిప్పి చూసుకున్నాడు.

ఒక ఎన్నికల వేసవిలో జమ్మలమడుగు దగ్గర ఒక నాయకుడి మనిషిని నరికి చంపారు. ఆ నాయకుడి మనుషులు చనిపోయినవాడి ఫోటో తెచ్చి, గోడలకు అంటించే పోస్టర్ చేయమని చిన్నాన్నకు చెప్పారు. ఫోటో కింద, చంపింది ఓబులేసు అనీ, ఈ రక్తానికి బదులు తీర్చుకుంటామనీ రాయాలన్నారు. హత్య జరిగిన పొద్దు ఓబులేసు మైదుకూరులో వడ్లు దించుతున్నాడని మా వీధిలో చాలామందికి తెలుసు. అతను చేసిందల్లా అవతలి పక్షం నాయకుడి ట్రాక్టర్ తోలడమే. కానీ వాళ్లకు కాదని చెప్పేవాళ్లు ఆ రోజుల్లో ఎవరున్నారు?

అంత పెద్ద బొమ్మను ఆ పాత కంప్యూటర్ మోయలేక ఆగిపోతుంటే, చిన్నాన్న సాయంత్రం సెట్టింగుల్లోకి పోయి ప్రాసెసర్ స్పీడు పెంచి బొమ్మ పూర్తి చేశాడు. ప్రింటు తీయడం పొద్దుటికి మిగిలింది. తెల్లారి స్విచ్ నొక్కితే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది.

మధ్యాహ్నానికి పోస్టర్ కోసం ఆ నాయకుడి మనుషులు ఇద్దరు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయనే మాట్లాడాడు.

"ఏంది రత్నం, ఇంగా కాలేదా?"

"పొద్దన్నుంచి మిషన్ లేయల్యాన్నా. ఫ్యాను తిరుగుతాంది గానీ తెర మీదికి ఏమీ రాల్యా. ఇంగో షాపులో చేయించుకోండి."

"గోడెక్కేదాకా ఇంగొకరి కంట్లో పడగూడదప్పా. అవతలోళ్లు నీకేమన్నా చెప్పిరా?"

చిన్నాన్న డబ్బా విప్పాడు. మెమరీ కార్డు తీసి నా రబ్బరుతో దాని అంచులు రుద్ది మళ్లీ పెట్టాడు. హార్డ్ డిస్కు వైర్లు పీకి, తిరిగి గుచ్చాడు. బల్ల కింద నుంచి వేరే పవర్ డబ్బా తెచ్చి తగిలించాడు. ప్రతిసారీ స్విచ్ నొక్కడం, ఫ్యాను గుయ్‌మనడం, తెర నల్లగా ఉండడం. నాయనమ్మ వాళ్లకు మజ్జిగ ఇచ్చి వంటింట్లోకి పోయింది. అప్పుడు ఆ పెద్దాయన గడప దగ్గరున్న నన్ను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, తల నిమిరాడు.

"పాప ఏ బడికి పోతాంది రత్నం? ఒక్కతే నడ్సిపోతాదా?"

చిన్నాన్న చేతులు ఆగిపోయాయి. నా వంక చూశాడు. తర్వాత స్క్రూడ్రైవర్ మొనతో బోర్డు మీదున్న బిళ్ల బ్యాటరీని పైకి లేపి, కాసేపు అరచేతిలో ఉంచుకుని, తిరిగి పెట్టి స్విచ్ నొక్కాడు. కుయ్‌మంటూ తెర వెలిగింది. వంటింట్లోంచి నాయనమ్మ "ప్రభువుకు స్తోత్రం" అని గట్టిగా అంది. నేను చప్పట్లు కొట్టాను. చిన్నాన్న తల ఎత్తలేదు.

పోస్టర్లు గోడలెక్కాయి. వాటి రంగు వెలవకముందే చాపాడు రోడ్డు మీద, ట్రాక్టర్ సీటులోనే ఓబులేసును బాంబులేసి చంపారు. నాన్న ఆ మాట చెప్పినప్పుడు చిన్నాన్న అన్నం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ వారంలోనే సెంటర్ మూసేసి, మిషన్‌ను పులివెందులలో ఎవరికో ఇచ్చేసి, వేముల దగ్గర ఒక బళ్లో గుమాస్తాగా చేరాడు.

కాలేజీలో నేను కంప్యూటర్లు చదువుతున్నప్పుడు, స్పీడు పెంచాక మిషన్ లేవకపోతే ముందు బ్యాటరీ తీయండి, సెట్టింగులు మొదటికొస్తాయి అని మా సారు చెప్పాడు. సెలవులకు వచ్చినప్పుడు చిన్నాన్నను అడిగాను, ఆ సంగతి అప్పుడు నీకు తెలీదా అని.

"తెల్సు పాపా. పొద్దున చూడంగానే తెల్సు. బాగు చేయగూడదనే అన్నీ ఊడదీస్తాంటి. వాళ్లు కూచోని కూచోని యాసిరిక పడి లేసిపోతారనుకుంటి." నా తల వైపు చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. "వాడు నీ తల మీద చెయ్యి పెట్నాడు."

మళ్లీ ఎప్పుడూ ఆ మాట మా మధ్య రాలేదు.

చిన్నాన్న ఇప్పుడు లేడు. ఆ ముందుగదిలో సెల్‌ఫోన్ల షాపు పెట్టారు. అత్తిరాసాలు కొనుక్కొచ్చుకుంటున్నాం. బాంబుల మాట చెబితే మా అబ్బాయి ఏదో సినిమా కథలా వింటాడు. పోయిన నెల చాపాడు మీదుగా పోతూ ఆగి, ఓబులేసు ఇల్లెక్కడని అడిగాను. కంపచెట్లు మొలిచిన మొండిగోడ ఒకటి చూపించారు. భార్య, కూతురు ఆ ఏడే రాత్రికి రాత్రి ఊరొదిలారట. ఏ ఊరు పోయారో చెప్పగలిగినవాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. ఆ అమ్మాయి పేరు కూడా ఎవరికీ గుర్తు రాలేదు.