పల్లంలో కొట్టిన మేకులు

నిన్న కొత్తగూడెంలో వాన ముంచుకొస్తే ఒక టీకొట్టు రేకుల కింద నిలబడ్డాను. అందరూ తలలు తుడుచుకుంటుంటే నేను మాత్రం తలెత్తి, రేకులకు మేకులు ఎక్కడ కొట్టారో చూశాను. ఈ అలవాటు నాకు మా మేనత్త పెరట్లో అంటుకుంది.

కారేపల్లి దగ్గర అత్త ఇంటి వెనక, కూరగాయల పాదుల నడుమ నాలుగు గుంజల చిన్న కొట్టం ఉండేది. అందులో పార, గంపలతో పాటు బూడిద కలిపి దాచిన విత్తనాల కుండలుండేవి. బీర, సొర ఎవరడిగినా ఇచ్చేది. వాళ్లమ్మ ఇచ్చిన నల్లంచు చిక్కుడు గింజలు మాత్రం, పెళ్లి సంబంధం చూసినట్టు అడిగినవాళ్ల పెరడు చూసొచ్చాకే ఇచ్చేది. ఒక ఎండాకాలం కోతులు కొట్టం మీద కప్పిన గడ్డి అంతా పీకేశాయి. నేను అలల్లా ఎత్తుపల్లాలున్న ఇనుప రేకులు తెచ్చాను. "మేస్త్రీ వచ్చేదాంక ఆగుదాం అల్లుడా" అంది అత్త. "గీ మాత్రం పనికి మేస్త్రీ ఎందుకత్తా?" అని, ఆఫీసు కుర్చీ తప్ప ఏమీ ఎరగని నేను ఒక్క పూటలో కప్పేశాను. అడవి పక్క గూడెం నుంచి తునికిపండ్లు అమ్మవచ్చిన ముసలాయన పైకి చూసి, "మేకులు పల్లంల కొట్టినవేంది సారూ? నీళ్లు నడిచేదే ఆడ. ఎత్తుల మీద కొట్టాలె" అన్నాడు. "తారు పూస్తాలే తాతా" అన్నాను. పూశాను కూడా. అది రేకుల మీద కన్నా నా చొక్కా మీదే గట్టిగా నిలిచింది.

తర్వాత కంటి ఆపరేషన్‌కని అత్త మా ఇంటికి వచ్చింది. కంటికి కట్టుతో ఉన్న రోజుల్లోనే ముసురు పట్టింది. ఆమె కిటికీ వైపు చెవి పెట్టి, "కొట్టం ఉరుస్తలేదు గద అల్లుడా? ఒకపారి పోయి సూడరాదు" అనేది. "ఒక్క చుక్క పడదత్తా" అనేవాణ్ణి. ముసలాయన మాట గుర్తుండే అన్నాను. గంట పైన బస్సు ప్రయాణానికి బద్ధకించాను.

డాక్టరు ఊరికి వెళ్లొచ్చన్నాక తీసుకెళ్లాను. ఆమె ఇంట్లోకైనా పోకుండా నేరుగా పెరట్లోకి నడిచింది. కొట్టంలో ప్రతి మేకు కిందా తడి. నల్లంచు చిక్కుడు కుండ మూత తీస్తే పుల్లటి వాసన. బూడిద ముద్దలో గింజలు తెల్లగా మొలకలెత్తి, బూజు పట్టి కుళ్లిపోయాయి. అత్త ఒక గింజను వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. "మొలిచినయ్ అల్లుడా, పాపం. మట్టి అనుకున్నయ్" అంది.

ఆ వారమంతా, ఎప్పుడో ఆమె ఆ చిక్కుడు విత్తనమిచ్చిన ఇళ్లన్నీ తిరిగాం. "ఇంకా యాడున్నయ్ అక్కా? ప్యాకెట్లే తెచ్చి పెడుతున్నం" అంది ఒకామె. మిగతా ఇళ్లలోనూ అదే జవాబు. అత్త ఆ ఏడు పాదులు పెట్టలేదు, మరుసటేడూ పెట్టలేదు. మేస్త్రీని పిలిచి రేకులు మళ్లీ వేయించాను. ఎంత వానకూ చుక్క రాలలేదు. అత్త ఒకసారి లోపలికెళ్లి తలెత్తి చూసి, "మంచిగున్నది" అని బయటికొచ్చింది. ఆ తర్వాత అందులో అడుగు పెట్టలేదు. రెండేళ్లకు పోయింది.

విత్తనాలేసే మృగశిర కార్తె ఏటా వస్తూనే ఉంది. తప్పిన అదను మరుసటేడు మళ్లీ వస్తుందని రైతులు అంటారు, నేనూ నమ్మేవాణ్ణి. కొన్నిటికి అది ఒక్కసారే వస్తుందని, దాటిపోయాక గానీ తెలియదు.