సిలువకు ముద్దు పెట్టనియ్యని శుక్రవారం

పుప్పాలగూడ దాటినంక బండల నడుమ మా వాడ. ముప్పై ఇండ్లు, ఒక బావి, ఒక పెంకుల గుడి. మేం కథోలికులం. చర్చి అన్న మాట అప్పటికి మా నోట రాలేదు, గుడి అనే అనేవాళ్లం. మా నాయిన ఆ గుడికి ఉపదేశి. ఫాదర్ గారు పట్నం నుంచి నెలకోసారి వచ్చి పూజ చేసేవారు. మిగతా ఆదివారాలు జపం చెప్పించడం నాయిన పని. గుడి ఊడ్చి, దీపం పెట్టి, గుమ్మం పక్కన రాతి తొట్టిలో దీవించిన నీళ్లు నింపడం అమ్మ పని. అమ్మకు అక్షరం ముక్క రాదు.

డెబ్బైల మొదట్లో, నాకు పంతొమ్మిదేండ్లున్నప్పుడు, ఈస్టరుకు ముందటి తపస్సుకాలంలో గత్తర, అదే కలరా, వచ్చింది. అప్పటికే ఎండలకు బావి నీళ్లు అడుగంటినయి. ముందు నార్సింగి దిక్కు ఎవరో పోయారన్నారు. పండుగకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి మా వాడలోనే ఇద్దరు పోయారు, ఒక ముసలాయన, ఆయన కోడలు. పొద్దున వాంతులు, బేదులు మొదలైతే బండి కట్టి దవాఖానకు చేర్చేలోపే కోడలి ప్రాణం పోయింది. ఆమెకూ నాకూ ఒకటే ఈడు.

సోమవారం హెల్త్ ఇన్‌స్పెక్టర్ సైకిల్ మీద వచ్చాడు. కోస్తా జిల్లా మనిషి. బావిలో బ్లీచింగ్ పొడి కలిపించి, ఇల్లిల్లూ తిరిగి, చివరికి గుడి ముందు ఆగాడు. రాతి తొట్టిలోకి తొంగిచూసి అడిగాడు.

"ఇందులో ఎంతమంది చెయ్యి పెడతారండి?"

"గుడికి వచ్చినోళ్లందరు, సారూ," అన్నది అమ్మ.

"తాగే నీళ్లు మరగబెట్టాలి, చేతులు కడుక్కోవాలి. ఒకరు నోరు పెట్టినదానికి ఇంకొకరు నోరు పెట్టకూడదండి. శనివారం వచ్చి అందరికీ సూదులు వేస్తాను."

ఆయన సైకిల్ మలుపు తిరగకముందే అమ్మ తొట్టిలోని నీళ్లు చెంబుతో తోడి, ఎవరూ తొక్కని చోట గోడ మూలన పోసింది. తర్వాత తొట్టిని బోర్లించింది. నాయిన గబగబా దగ్గరికొచ్చాడు.

"ఫాదర్‌ను అడగకుండనే?"

"ఫాదర్ వచ్చేదాక రోగం ఆగుతదా?"

అసలు చిక్కు శుక్రవారం ఉంది. ప్రభువు చనిపోయిన ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి, దిండు మీద పెట్టిన సిలువ ముందు ఒక్కొక్కరే మోకరిల్లి ప్రభువు పాదాలకు ముద్దు పెట్టడం మా ఆచారం. ఏడాదంతా గుడి మొహం చూడనివాళ్లు కూడా ఆ ముద్దు కోసం వచ్చేవారు. అమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది: "ఈసారి సిలువకు ముద్దుల్లేవు. దూరం నుంచే దండం. మట్టల ఆదివారం తెచ్చుకున్న ఈత మట్టతోని ఎవరి సిలువ వాళ్లు చేసుకోండ్రి. ముద్దు దానికే."

వాడ భగ్గుమంది. "దేవుని కాళ్లకు రోగముంటదా?" అని ఒకరు, "ఊడ్చేదానికి ఇంత పెత్తనమా?" అని ఇంకొకరు. ఆ రెండో మాట నాకు ఇప్పటికీ మంటే. అమ్మ మాత్రం తిరుగుతూనే ఉంది.

శుక్రవారం ఫాదర్ గారు వచ్చారు. గుమ్మం దగ్గర బోర్లించిన తొట్టిని చూశారు, నాయిన వైపు చూశారు. నాయిన అమ్మ వైపు చూశాడు. అమ్మ చేతులు కట్టుకుని, ఇన్‌స్పెక్టర్ చెప్పిందీ తాను చేసిందీ పొల్లు పోకుండా చెప్పింది. ఆయన విని లోపలికి వెళ్లారు.

సిలువను దిండు మీద పెట్టగానే జనంలోంచి మా అమ్మమ్మ లేచింది. ఆమె అమ్మకు కన్నతల్లి. తాత పోయినప్పటి నుంచి ఒక్క ఏడూ ఆ ముద్దు తప్పలేదు. అమ్మ ఎదురెళ్లి నిలబడింది.

"అవ్వా, వద్దు."

"నన్నే ఆపుతవా బిడ్డా? మల్ల ఏడాదికి నేనుంటనో లేదో!"

"ఉండాల్ననే ఆపుతున్న."

అమ్మమ్మ కండ్లు నిండినయి. అమ్మ అడుగు కదలలేదు. అప్పుడు ఫాదర్ గారు పీఠం దిగి వచ్చి, సిలువకు నాలుగడుగుల దూరంలో మోకరిల్లి, నేలకు నుదురు ఆనించి దండం పెట్టారు. ముద్దు పెట్టలేదు. లేచి, "ఈ తల్లి చెప్పినట్టు చెయ్యండి," అన్నారు. అమ్మమ్మ కొంగు ముడి విప్పి, మట్ట సిలువ తీసి పెదవులకు ఆనించుకుంది. వెనకాల అందరూ అంతే.

మరునాడు సూదులు. ఊళ్లో పెద్ద కప్పున్నది మా గుడే కాబట్టి ఇన్‌స్పెక్టర్ అక్కడే బల్ల వేయించాడు. ఊరోళ్లు, మా వాడలో ఎన్నడూ కాలు పెట్టనివాళ్లు, పోచమ్మకు మొక్కి వచ్చి మావాళ్లతో పాటే వరసలో నిలబడ్డారు. సూదంటే అందరికీ భయమే. అమ్మ ముందు తన జబ్బ చాపింది, తర్వాత నా చెయ్యి పట్టి ముందుకు లాగింది. పక్కనే మూతపెట్టిన కుండల్లో కాచి చల్లార్చిన నీళ్లు, చెయ్యి మునగకుండా తోడడానికి పొడుగు కాడ గరిటె. ఊరి పటేలు భార్యకు సూది పడగానే కండ్లు తిరిగి, అరుగు మీద కూలబడింది.

"జర నీళ్లు," అన్నది.

అమ్మ గరిటె ముంచి, తటపటాయించి, "మా నీళ్లు తాగుతరా, దొరసానీ?" అని అడిగింది.

"కాగిన నీళ్లే గద? పొయ్యి."

ఆమె దోసిలి పట్టి తాగింది. వరసలో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను మాత్రం అమ్మను చూశాను. గరిటె పట్టిన చెయ్యి నిలకడగా ఉంది.

ఆ తర్వాత మా వాడలో మరో ఇద్దరు మంచాన పడ్డారు గానీ ఎవరూ పోలేదు. ఇన్‌స్పెక్టర్ వారం తర్వాత వచ్చి, "తెల్లాపూర్‌లో నా మాట వినట్లేదమ్మా, మీరు ఒకసారి వచ్చి చెప్తారా?" అని అడిగాడు. అమ్మ నాయినను అడగలేదు. ఉతికిన చీర కట్టుకుని, నన్ను తోడు తీసుకుని బయల్దేరింది. దారి పొడుగునా బండల మధ్య ఆమె ముందు, నేను వెనక. అక్కడ రచ్చ దగ్గర మగవాళ్లంతా కూర్చుని చూస్తుంటే, కొంగు సర్దుకుని గొంతు పెంచింది: "నీళ్లు తెర్లేదాక కాగబెట్టాలె. మీకు నేను చెప్త, చూడుండ్రి."