రెండు వేసవుల క్లిప్పు

జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ గేటుకి కొంచెం ఇవతల, ఒక మే నెల మిట్టమధ్యాహ్నం, సిమెంటు బస్తాలు మోసే చిన్న ట్రక్కు రోడ్డు పక్కన ఆగిపోయింది. దాని పొట్ట కింద దుమ్ము తగలకుండా బిగించిన ప్లాస్టిక్ పలక ముందు ఒక మూల ఊడి, నేలకు రాసుకుంటూ కొంత దూరం వచ్చి, చివరికి మొత్తంగా జారి పడిపోయింది. డీజిల్ గొట్టాన్ని పట్టి ఉంచాల్సిన క్లిప్పులు కూడా విరిగి, గొట్టం కిందికి వేలాడుతోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డ్రైవరు దిగి, వంగి చూసి, ఇది తన పని కాదన్నట్టు వెళ్ళి నీడలో కూర్చున్నాడు. ట్రక్కు వెనకాలే జీపులో వస్తున్న మేం ముగ్గురం దిగాం. మా బావ కాలిపోతున్న ఆ రోడ్డు మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. బయటికొచ్చేసరికి గుప్పిటనిండా నల్లటి ముక్కలున్నాయి. బండ్ల కంపెనీ తరఫున పరీక్షకు వచ్చిన ఇంజనీరు తన జేబురుమాలు చాపితే, బావ ఆ ముక్కలను ఒక్కొక్కటిగా అందులో వేశాడు. మూడోవాణ్ణి నేను. చేతిలో నోట్‌బుక్కు ఉంది గానీ అందులో ఏమీ రాసుకోలేదు.

ఇదంతా పోయిన వారం భిలాయీ పవర్ హౌస్ దగ్గర ఒక గ్యారేజీలో గుర్తొచ్చింది. నా పాత కారును పైకెత్తి, మెకానిక్కు దాని కింద ఒక క్లిప్పును స్క్రూ డ్రైవరుతో పీకితే అది టిక్కుమని విరిగింది. ఎండాకాలం ఇవి విరుగుతూనే ఉంటాయి అంకుల్ అని హిందీలో చెప్పి, విరిగినదాన్ని పక్కకు విసిరేసి, సంచిలోంచి కొత్తది తీసి బొటనవేలితో నొక్కేశాడు. మొత్తం అర నిమిషం పట్టలేదు. ఆ అర నిమిషం పని కోసం మా ఇంట్లో దాదాపు మూడేళ్ళు గడిచాయని అతనికి చెప్పాలనిపించింది గానీ, అతని చేతిలో ఇంకో రెండు బండ్లున్నాయి.

మన తరం వాళ్ళకి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. భిలాయీ ఉక్కు ప్లాంటులో ఉద్యోగమంటే అదొక జీవితకాలపు హామీ. క్వార్టరు, ఆసుపత్రి, పిల్లల బడి, ఆదివారం సివిక్ సెంటరు, అన్నీ ఆ ఒక్క గేటు పాసుతోనే వచ్చేవి. మా అక్క భర్త శ్రీకాకుళం వైపు సముద్రం ఒడ్డు పల్లెవాడు. ప్లాంటులో పనిముట్లూ అచ్చులూ చెక్కే టూల్ రూములో పని. వెంట్రుక మందం తేడా కూడా వేలితో తడిమి చెప్పగలడని ఆయనతో పనిచేసినవాళ్ళు అనేవారు. నేను డిగ్రీ అయ్యాక మరోదా కాలనీలోని అక్క క్వార్టరుకు వచ్చిపడి, ఒక హిందీ దినపత్రికలో చేరి, వార్తలు రాస్తూ రాస్తూనే హిందీ నేర్చుకున్నాను.

అలాంటి ఉద్యోగాన్ని బావ స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టి వదిలేశాడు. ఆయన స్నేహితుడికి ఇండస్ట్రియల్ ఏరియాలో బక్కెట్ల ప్లాస్టిక్ పిడులు పోసే చిన్న యూనిట్ ఉండేది. బండ్ల కిందికి ఇక ఇనప బిగింపులు పోయి ప్లాస్టిక్కువి వస్తున్నాయని, ఒక బండ్ల కంపెనీ అలాంటివి చేసేవాళ్ళను వెతుకుతోందని ఆ స్నేహితుడే కబురు తెచ్చాడు. బావ డ్రాయింగును కంపెనీ ఒప్పుకుంటే ఇద్దరూ భాగస్తులు. ఒప్పుకోకపోతే స్నేహితుడు మళ్ళీ పిడులు పోసుకుంటాడు, బావకు వెనక్కి వెళ్ళడానికి గేటు పాసు ఉండదు. మొదట పోయింది క్వార్టరే. జాముల్ రోడ్డు పక్కన రెండు గదుల అద్దె ఇంట్లోకి మారినప్పుడు అక్క కొత్త ఇంటి కుళాయి విప్పి, నీళ్ళు రాకపోతే, దాన్ని విప్పిన చేతిని చాలాసేపు అలాగే ఉంచింది.

ఆ క్లిప్పు అంటే పెద్ద వస్తువేమీ కాదు. కుక్కగొడుగులాంటి తల, దాని కింద రెండు కాళ్ళు, కాళ్ళకి పక్కలకు పొడుచుకొచ్చిన పళ్ళు. బండి అడుగు రేకులో ఉన్న రంధ్రంలో నొక్కితే కాళ్ళు దగ్గరకు వచ్చి లోపలికి దూరి, అవతలి వైపు మళ్ళీ విచ్చుకుని పట్టేస్తాయి. నొక్కడానికి బొటనవేలు చాలాలి, ఊడిరావడానికి మాత్రం గతుకులూ గుంటలూ చాలకూడదు. ఈ రెండూ ఒకదానికొకటి పడవు, ఆ తగవు తీర్చడమే డిజైను అని బావ అనేవాడు. ఇన్నేళ్ళు ఇనుముతో బతికిన మనిషి కదా, ఆయనకి వదులంటే చిరాకు. కాళ్ళు లావుగా, రంధ్రం నిండా గీశాడు. కొంచెం సందు ఉంచితే బాగుంటుందేమోనని స్నేహితుడు అంటే, "సందు ఉంటే కదుల్తాది, కదిలితే అరుగుతాది, అరిగితే ఊడుతాది. నానెరగనా?" అన్నాడట.

అవి నైలాన్‌వి. మిషన్లోంచి వచ్చినప్పుడు నైలాన్ బొత్తిగా పొడిగా, పెళుసుగా ఉంటుంది. వేడినీళ్ళలో నానబెడితే తడి పీల్చుకుని సాగే గుణం వస్తుంది. ఈ సంగతి నైలాన్ గింజలు అమ్మినవాళ్ళ కాగితంలోనే ఉంది. యూనిట్లో అందుకు తొట్టి లేదు కాబట్టి ఆ పని మా అక్క వంటింటికి వచ్చింది. పెద్ద గుండిగలో నీళ్ళు కాచి, క్లిప్పులు పోసి, మూతపెట్టి, మధ్యాహ్నానికి చిల్లుల గరిటెతో పకోడీలు తీసినట్టు తీసేది. తరవాత వాటిని ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఆరిపోకుండా సంచికో చెంచాడు నీళ్ళు చల్లి మూతి కట్టేది. పక్కింటి విజయనగరం ఆవిడ తలుపు దగ్గర నిలబడి, ఏటమ్మా ఈ రోజు కూడా క్లిప్పుల పులుసేనా అని అడిగేది. "ప్లాంటులో ఇనుము ఉడకబెట్టొచ్చి, ఇప్పుడు నా సేత ప్లాస్టిక్కు ఉడకబెట్టిస్తన్నారు మీ బావ" అని అక్క నాతో అనేది. బావ వింటుండగానే అనేది, ఆయన నవ్వేవాడు. ఆ ఇంట్లో నవ్వు ఉన్న రోజులవి.

ఆగస్టులో పరీక్ష పెట్టారు. ముసురు పట్టిన రోజు. యూనిట్లో రేకుకి రంధ్రాలు పెట్టి, క్లిప్పులు నొక్కి, బరువులు వేలాడదీసి చూశారు. ఒక్కటీ కదల్లేదు, ఒక్కటీ విరగలేదు. కంపెనీ ఇంజనీరు తృప్తిపడి, జాముల్‌లో సిమెంటు తోలే ఒక చిన్న ట్రక్కు కింద ఇరవై రెండు క్లిప్పులు బిగింపించాడు. రోడ్డు మీద ఏడాది నిలిస్తే డ్రాయింగు ఒప్పుకుంటామన్నాడు. నేను ఆ ఏడాది ఆగలేదు. భిలాయీ వాసి క్లిప్పు అన్ని పరీక్షలూ నెగ్గిందని మా పత్రిక లోకల్ పేజీలో నాలుగు పేరాల వార్త రాశాను. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎందుకు, ఎలా అన్నీ ఉన్నాయి అందులో. ఎప్పుడు అన్నదానికి 'ఇటీవల' అని రాసి సరిపెట్టాను. ఆ కత్తిరింపును బావ కొత్త ఇంటి గోడకి అంటించాడు. అక్క తన చెల్లెలికి పోస్టులో పంపింది.

రోడ్డు మీద ముక్కలు ఏరుకున్న ఆ మే మధ్యాహ్నం ఇంజనీరు కోపపడలేదు. ఒకే ప్రశ్న అడిగాడు, పరీక్ష ఏ నెలలో చేశారని. ఆయనకు తెలియక అడిగింది కాదది. ఆగస్టు సాబ్ అన్నాడు బావ. ఆగస్టులో ఇంజనీరు కూడా అక్కడే ఉన్నాడు, వేసవి మాట ఆయనకూ తట్టలేదు. అందుకే కాబోలు ఇంకో అవకాశం ఇచ్చాడు. షరతు మాత్రం గట్టిది చేశాడు. కొత్త క్లిప్పులు, అదే ట్రక్కు, వరసగా రెండు వేసవులు. ఒక్కటి విరిగినా ఇక లేదు.

ఇంటికొచ్చాక బావ గోడ మీది వార్త చించలేదు. దానికి ఎదురుగా కాకుండా, వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. వేసవి చేసిన తేడా ఏమిటో ఆయనకు అంతుపట్టలేదు. అవే గింజలు, క్లిప్పులు పోసే అదే డై, అదే గుండిగ.

చెప్పింది ఆయన తల్లి. ఆవిణ్ణి నేను అత్తయ్య అని పిలిచేవాణ్ణి. ఏటా వేసవిలో ఊరినుంచి వచ్చి, మినప వడియాలు పెట్టి వెళ్ళేది. అప్పుడు కూడా డాబా మీద చీర పరిచి వడియాలు పెట్టి, సాయంత్రానికే కొంగులో మూటకట్టి దించుకొచ్చి, చేతిలో ఒకటి విరుస్తూ మామూలుగా అంది.

"మనూర్లో ఇయి మూడ్రోజులైనా ఎండవు నాయనా. డబ్బాలో ఎట్టినా రేత్తిరికి మెత్తబడిపోతాయి. ఈ ఊరి గాలి తడినేటి, ఒంట్లో రగతాన్ని కూడా పీల్చేస్తాది."

బావ ఆవిడ చేతిలోని వడియం ముక్కలవైపు చూశాడు. లేచి, జేబురుమాలులోంచి దాచుకున్న క్లిప్పు ముక్క తీసి, దాన్ని కూడా వేళ్ళతో విరిచాడు. అదే చప్పుడు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషికి గాలిలో తడి లేకపోవడం అన్న ఆలోచనే రాలేదు. ఇరవై ఏళ్ళు ఈ ఊరి వేసవిలో బతికినా ఆ ఇరవై ఏళ్ళూ ఫర్నేసులున్న ప్లాంటు లోపల, వేడి ఎక్కడిదో అడగాల్సిన అవసరం లేని చోట గడిచాయి. అక్క గుండిగలో పట్టించిన తడినంతా ఛత్తీస్‌గఢ్ వడగాలి నెల రోజుల్లో తాగేసింది. తడి పోయాక ఆ లావు కాళ్ళు వంగలేక విరిగాయి.

మర్నాటినుంచి డాబా మీద వడియాల పక్కనే రంధ్రాల రేకు ఒకటి ఇటుకల మీద వెలిసింది. అందులో నొక్కిన క్లిప్పులు రోజంతా ఎండేవి. కాళ్ళు కాలే వేళ బావ చెప్పులేసుకుని ఎక్కి, ఒకటి పీకి చూసి, దిగేవాడు. చాలా రోజులు కిందికి ఒక్కటే కబురు చేరేది: విరిగింది. కాళ్ళు సన్నం చేయాలని, మధ్యలో చీలిక పెట్టాలని, తలా కాలూ కలిసే మూల గుండ్రం చేయాలని, అన్నిటికంటే ముందు రంధ్రంలో సందు వదలాలని ఆయనకు మెల్లమెల్లగా తెలిసింది. తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. డైలో ఇనుము గీస్తే ప్లాస్టిక్కు లావెక్కుతుంది గానీ సన్నబడదు, కాబట్టి పాతదాన్ని సరిదిద్దడం కుదరదు, కొత్త డై చెక్కాల్సిందే. మొదటి డైని ఆకురాయితో నెలల తరబడి నునుపు చేసిన మనిషి దాన్ని గోనెసంచిలో చుట్టి మంచం కిందికి తోసిన సాయంత్రం, అక్కతో అన్న మాట నేను గుమ్మంలో ఉండి విన్నాను.

"జీవితమంతా సందు లేకుండా బిగించడవే నేర్సుకున్నాను. ఇప్పుడు వదల్డం నేర్సుకోవాల."

అక్క వెంటనే, సందు వదిలితే వదలండి గానీ ఈ ఇల్లు వదిలేదాకా తేకండి అంది. ఆయన నవ్వాడో లేదో నాకు కనిపించలేదు.

కొత్త క్లిప్పు వదులుగా ఉండేది. పట్టుకుని ఊపితే కిటకిటమనేది. ఆ చప్పుడు ఆయనకు సిగ్గుగా ఉండేదనుకుంటాను, ఇంజనీరు ముందు దాన్ని ఊపేవాడు కాదు. ఇరవై రెండూ ఆ ట్రక్కు కింద బిగించారు. మరుసటి మే వచ్చింది. నెలాఖరున ఇంజనీరు ఈసారి తనే చొక్కా విప్పి, బనీనుతో బండి కిందికి దూరి, ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. ఒకదాన్ని పీకి, మళ్ళీ అదే రంధ్రంలో నొక్కాడు. అది విరగలేదు. బయటికొచ్చి బావ చెయ్యి పట్టుకుని, ఇంకొక్క ఎండాకాలం అన్నాడు. ఆ సంగతి నేను పత్రికలో రాయలేదు. మొదటి వార్తకు సవరణ కూడా వేయలేదు, మా సంపాదకుడు ఫలితం తేలాక చూద్దామన్నాడు.

ఆ చలికాలంలో ట్రక్కు యజమాని బండిని అమ్మేశాడు. అమ్మే ముందు చెప్పాలని అతనికి తోచలేదు, చెప్పాలన్న రాత కూడా ఏదీ లేదు. కొన్నవాడు ఒడిశా వైపు మనిషని, బండి జగదల్‌పూర్ మీదుగా వెళ్ళిందని తెలిసి బావ బస్సెక్కి జగదల్‌పూర్ వెళ్ళాడు. లారీల అడ్డాల్లో నాలుగు రోజులు తిరిగాడు, బళ్ళ కింద వంగి వంగి చూస్తుంటే ఒకచోట దొంగ అనుకుని పట్టుకున్నారట. బండి దొరక్క తిరిగొచ్చాక ఆ మాట ఆయనే నవ్వుతూ చెప్పాడు. ఈలోగా ఇంజనీరుకు బదిలీ అయింది. అతని స్థానంలో వచ్చినాయన, రెండో వేసవి చూడకుండా ఏమీ చేయలేనని మర్యాదగానే చెప్పాడు. మూడు నెలలకు కంపెనీ వేరే రాష్ట్రంనుంచి క్లిప్పులు తెప్పించుకుంది. స్నేహితుడు బావను వదులుకోలేదు, జీతమిచ్చి ఉంచుకున్నాడు. డెబ్బై దాటేదాకా ఆయన ఆ యూనిట్లో బక్కెట్ల పిడులకూ, టిఫిను డబ్బాల మూతలకూ డైలు చెక్కాడు. అవి ఎప్పుడూ విరిగినట్టు వినలేదు.

ఇప్పుడు ఇలాంటివన్నీ కంప్యూటరు తెర మీద వంచి చూస్తారట. గది ఒకటుంటుందట, మీట నొక్కితే అందులో మే నెల వస్తుంది, ఇంకో మీట నొక్కితే శ్రావణం వస్తుంది. వారం రోజుల్లో పదేళ్ళ వేసవులు చూపిస్తారు. మంచిదే. ఎవరి వంటిల్లూ గుండిగా అక్కర్లేదు, ఏ ట్రక్కు యజమాని దయా అక్కర్లేదు. కాకపోతే మనకు ఒక ఏడాది ఆగడమంటే ఏమిటో తెలిసేది, ఆగి చూసినదాన్నే నిజమని నమ్మేవాళ్ళం. నాబోటివాళ్ళు ఆగకుండా రాసినప్పుడు తప్పని కూడా తెలిసేది.

గ్యారేజీ సంగతి చెబుదామని మొన్న ఆదివారం బావ దగ్గరికి వెళ్ళాను. అంతా విని, కాలి దగ్గర ఇరిగిందా, తల దగ్గరా అని అడిగాడు. నేను చూడలేదు. మళ్ళీ పేపరు చదువుకోవడంలో పడ్డాడు. ఆ ట్రక్కు ఆ రెండో వేసవిలో ఏ రోడ్ల మీద తిరిగిందో, దాని కింద ఇరవై రెండింటిలో ఎన్ని నిలిచాయో, మాలో ఎవరికీ ఇంతవరకు తెలియదు.