సబ్బు పెట్టి మూసిన టాంకీ

పన్నెండేండ్లాయె, గీ ముచ్చట ఛాతీ మీద బండ లెక్క మోస్తున్న. పెండ్లానికి చెప్పలే. దేవునికి గూడ సక్కగ చెప్పలే. మీరు నన్నెరుగరు, నా పేరు మీకొద్దు, అందుకే మీకు రాస్తున్న. మధ్యల ఆగితె మల్ల చెయ్యి కదలదు.

నేను చార్మినార్ ఎనుక గల్లీల రేకు పని చేసేటోన్ని. డబ్బాలు, లాంతర్లు, మోటార్ల టాంకీలు, ఏదన్న అతుకుత. యాదగిరన్నది ఉప్పుగూడ. ఒక నవాబు సాబ్ ఉండే పెద్ద దేవిడీల మోటారు డ్రైవరు. తోడబుట్టినోడు కాదు గని, తగరం కరిగించి అతుకు పెట్టుడు నాకు నేర్పింది ఆయనే.

నవాబు సాబ్ బొంబాయికెల్లి ఒక ఆట పడవ తెప్పిచ్చిండు. రెండు మూరల పొడుగు, లోపల నిజమైన పెట్రోలు ఇంజను. టాంకీ మాత్రం తుప్పు వట్టింది. కొత్తది చెయ్యమని అన్న నాకు తెచ్చిచ్చిండు. ఈద్ మరునాడు ఇంటికొచ్చిన మెహమాన్ల ముందర దాన్ని దేవిడీల ఉన్న నీళ్ల హౌజుల తిప్పాలె.

మస్తు మనసు పెట్టి చేసిన, అబద్ధమెందుకు. పడవను హౌజు నడుమ గుంజకు తీగతోని కట్టి గుండ్రంగ తిప్పుతరు. గట్ల తిరిగేటప్పుడు పెట్రోలు ఎనుకకు, బయటి దిక్కుకు ఉరుకుతది. అందుకే పీల్చే గొట్టం మూతిని ఆ మూలకే వంచిన. గాలికి మీద చిన్న తూటు పెట్టిన. టాంకీ మరీ మీదికుంటె ఇంజనుల పెట్రోలు పొంగుతది, కిందికుంటె అందదు. సరిగ్గ ఎత్తు చూసుకున్న.

తిప్పే దినం పొద్దుగాల పెట్రోలు పోసి చూస్తె అడుగు అతుకుల సన్నటి చెమ్మ.

మల్ల అతకాలంటె పెట్రోలు ఒంపాలె, ఉడుకు నీళ్లతోని కడగాలె, ఒక పూటంత ఎండబెట్టాలె. వాసన ఉండంగ కాల్చిన కడ్డీ పెడితె టాంకీ పేలుతది. గా పూట నాకు లేకుండె. నిజంగ లేకుండెనా? "రేపు తిప్పుదాం సాబ్" అని ఒక్క మాట అంటె అయిపోతుండె. అనలే. పని రానోడు అంటరని నా పొగరు.

బస్సుల టాంకీ కారితె డ్రైవర్లు బట్టల సబ్బు రుద్దుతరు. పెట్రోలుకు సబ్బు కరగదు, నెలలు ఆగుతది. నేను గూడ రుద్దిన. రుద్దుతుంటె మతికొచ్చింది, ఇది రోడ్డు మీద నడిచేది కాదు, నీళ్లకు సబ్బు కరుగుతదని. మతికి రాకపోతె ఇయ్యాల గీ బాధ ఉండకపోవు. వచ్చింది. నాలుగు చుట్లకు ఏమైతది తీ అనుకొని, చెమ్మ దిక్కు కనవడకుండ బిగించిన.

ఇంజనుకు కరెంటు తార్ బిగించింది అన్న; ఆ తీగ వదులైతె నిప్పురవ్వలొస్తయి. పడవ మస్తుగ ఉరికింది, మెహమాన్లు చప్పట్లు కొట్టిండ్రు. నీళ్లు లోపలికి చిమ్ముతనే ఉన్నయి. సబ్బు కరిగి పెట్రోలు ఉడుకు ఇంజను మీదికి కారింది, ఆరో చుట్టుల భగ్గుమన్నది. మండుకుంటనే తిరుగుతుంది. సాబ్ సొమ్ము కాలిపోతదని అన్న హౌజులకు దుంకి రెండు చేతులతోని పట్టి ముంచిండు. పెట్రోలు నీళ్ల మీద తేలి ఆయన చేతుల చుట్టూ మండింది.

"యే కైసా హువా?" అని సాబ్ అరిచిండు.

"తార్ ఢీలా థా, సాబ్."

తార్ వదులుగ ఉండెనని చెప్పింది నేనే. నన్నెవ్వరు అడుగలే గూడ.

అన్న నౌకరి పోయింది. చేతి ఏళ్లు కాలి ముడుచుకపోయినయి. స్టీరింగు కాదు, ముద్ద గూడ పట్టలేడు, వదిన తినిపించేది. నేను పండ్లు తీస్కపోతె "తమ్ముడంటె గిట్లుండాలె" అనేటోడు. చెప్పుతోని కొట్టినా గింత నొయ్యకపోవు. ఎవరన్న మోటారు గురించి సలహా అడిగితె, "నన్నడుగకుండ్రి భాయ్, తార్ సక్కగ బిగియ్యరానోన్ని" అని తల వంచుకునేటోడు. చేతులు పోయిన దుఃఖం కంటె ఆయనకు అదే ఎక్కువుండె. నాకెరుక. ఎరికుండి పన్నెండేండ్లు నోరు మూసుకున్న. థూ, నా బతుకు!

పోయిన నెల జ్వరంల పడ్డడు. వదిన నీళ్లకు పోయింది చూసి అడిగిండు.

"తమ్మీ, నిజం చెప్పు. నేను గట్టిగ బిగించినట్టే యాదికుంది. తార్ వదులుగ ఉండెనా?"

"ఉండె, అన్నా."

"అయితె సరే," అని గోడ దిక్కు తిరిగిండు.

ఎందుకట్ల చెప్పిన నేను? లేవలేనోడు నన్నేం చేస్తుండె? మూడు రోజులకు పోయిండు. పాడె పట్టిన నలుగురిల నేనొకన్ని. వదిన నా చెయ్యి పట్టుకొని, "నువ్వొక్కనివే మమ్ముల ఇడువలేదు" అని ఏడ్చింది. ఆమెకు చెప్తనని దినాం ఉప్పుగూడ టేషన్ దాక పోతున్న, మర్లొస్తున్న.

మాఫీ అడుగుత లేను. ఇచ్చేటోడు లేడు. రాస్తుంటె ఊపిరి జెర ఆడుతుంది, గంతే. తార్ గట్టిగనే ఉండె. పడవ నీళ్లల్ల పెట్టేముందు నా ఏలితోని గుంజి చూసిన. కదలలే.